రెండో శాంపిల్

స్నానాల గది నేల రుద్దుతూ, బకెట్లో పోద్దామని యాంటీసెప్టిక్ సీసా ఎత్తాను. తేలిగ్గా ఉంది. కొని పది రోజులు కాలేదు. ఇంట్లో ఉండేది నేనూ అక్కా. నేను వారానికి రెండు మూతలకు మించి వాడను.

"అక్కా, ఈ మందు నువ్వేమైనా తాగేస్తున్నావా?" అన్నాను గది బయటికి వచ్చి.

అక్క నవ్వలేదు. "ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. శాంపిల్ పనికిరాలేదట. ఎల్లుండి పొద్దున మళ్లీ రమ్మంది."

కిందటేడు పరీక్షలో అక్క గర్భాశయ ముఖద్వారం దగ్గర వైరస్ ఉన్నట్టు తేలింది. చాలామందికి దానంతటదే పోతుందని, పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోతేనే క్యాన్సర్ భయమని, ఏడాదికి మళ్లీ చూద్దామని డాక్టరమ్మ చెప్పింది. పోయిన వారం అక్క ఆ రెండో పరీక్షకే శాంపిల్ ఇచ్చి వచ్చింది.

"లోపల ఏమైనా పోసి కడుగుతున్నారా అని నర్సు అడిగిందే," అంది అక్క.

"కడుగుతున్నావా?"

అక్క తల దించుకుంది. హోటల్ లాండ్రీలో పదహారేళ్లుగా ఊరందరి దుప్పట్ల మరకలు వదిలించిన మనిషి.

"కిందటేడు నుంచీ రోజూ రెండుసార్లు. పరీక్షకి వెళ్లే ముందు ఇంకోసారి."

"మంట పుట్టలేదా?"

"పుట్టింది. మందు పనిచేస్తోందనుకున్నా."

ఏడాది! వెంటనే నర్సుకి ఫోన్ చేశాను.

"అయ్యో, దొంగను తరమబోయి కాపలావాళ్లను కొట్టిందమ్మా మీ అక్క," అందావిడ. "అక్కడ మంచి బ్యాక్టీరియా ఉంటుంది. అది పుట్టించే పుల్లదనంలో చెడ్డవి పెరగడం కష్టం. అది తగ్గిపోతే వైరస్ తొందరగా వదలదు. లోపల ఇంకెప్పుడూ ఏమీ పోయొద్దని చెప్పు, పోస్తే ఈసారి శాంపిల్ కూడా పాడవుతుంది. బయట మామూలు నీళ్లు చాలు."

"ఆ వైరస్ పోయుంటుందా అండీ?"

"చూస్తేగానీ చెప్పలేనమ్మా."

అక్కకు అంతా చెప్పాను.

"మరకను వదిలేస్తే పోతుందా ఎక్కడైనా?" అంది.

"నువ్వు దుప్పటివి కాదక్కా."

"వాసనొస్తే? డాక్టరమ్మ మొహం పక్కకి తిప్పుకుంటే నేను చచ్చిపోతానే."

సీసా దాచేద్దామనుకున్నాను. దాస్తే తనను నమ్మలేదనుకుంటుంది. అక్కడే ఉంచి, మందు ఉన్న మట్టానికి లేబుల్ మీద గోటితో గీత గీశాను. ఆ రెండు రోజులూ అక్క స్నానానికి వెళ్లి వచ్చినప్పుడల్లా ఆ గీత చూశాను.

మూడో రోజు పొద్దున అక్క స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. నేను తలుపు పక్కనే నిలబడ్డాను. మగ్గు బకెట్‌కి తగిలిన చప్పుడు. నీళ్ల చప్పుడు. తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. సీసా మూత తిప్పుతున్నట్టు వినిపించింది. నిజంగా విన్నానో, నా భయమో.

గడియ తీసింది. చేతిలో సీసా. మందు గీత దగ్గరే ఉంది. నా చూపు ఎక్కడ ఆగిందో అక్క గమనించింది. బొటనవేలితో ఆ గీతను ఒకసారి తడిమి, సీసాను తీసుకెళ్లి నేల తుడిచే బకెట్లో పెట్టింది. ఆసుపత్రి కాగితాలు సంచిలో వేసుకుంది. చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్లిపోయింది.