నెలకు ఇరవై గలీబులు

యాభై ఆరేళ్ల వయసులో మీరావలి పెళ్లి మాటలకు పోయి అబద్ధం చెప్పి వచ్చాడు.

ఆళ్లగడ్డలో అతనికి పరుపుల అంగడి ఉంది. దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టి అమ్మడం తాతల నాటి పని. అంగడి వెనకే రెండు గదుల్లో కాపురం. భార్య పోయి ఆరేళ్లయింది. ఒక్కతే కూతురు షాహీన్ వెలుగోడులో అత్తగారింట ఉంది. రోజూ ఫోన్ చేసి "ఏం తింటివి నాయనా?" అని అడిగేది. రోజూ ఒకటే జవాబు వచ్చేది: "చిత్రాన్నం." వినీ వినీ, తండ్రికి మళ్లీ పెళ్లి చేయాలన్న మాట మొదట ఆ పిల్లే ఎత్తింది.

ఎవరిని చేసుకోవాలన్నది మాత్రం మీరావలి మనసులో అప్పటికే ఉంది. పదిరోజులకోసారి దూది కోసం, గుడ్డ కోసం అతను నంద్యాల పోతాడు. కొన్న గుడ్డను అక్కడే ఫాతిమున్నీసాకు ఇచ్చి పరుపుల మీద తొడిగే గలీబులు కుట్టించుకుని సాయంత్రం బస్సుకు తిరిగి వస్తాడు. నాలుగేళ్లుగా ఇదే పద్ధతి. ఆమెకు నలభై తొమ్మిది. పిల్లల్లేరు. భర్త చనిపోయాక తమ్ముడు ఇలియాస్ ఇంటికి వచ్చి ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుంది. మాట కటువు. కుట్టు మాత్రం ఒక్కచోట కూడా వంకరపోదు.

ఒకరోజు గలీబులు మడతపెడుతున్న ఆమెతో మీరావలి నేల చూపులు చూస్తూ అన్నాడు. "మా పాప నిన్ను ఒక మాట అడగమంటాంది."

"ఏమని?"

"నాకు వండిపెట్టేదానికి ఒప్పుకుంటావేమోనని."

ఫాతిమున్నీసా మడత ఆపలేదు. "వండిపెట్టేదానికి ఒప్పుకోను. ఇద్దరం కలిసి తిందామంటే ఆలోచిస్తా. మా తమ్మునితో మాట్లాడుకో."

అట్లా ఆ ఆదివారం మీరావలి ఇస్త్రీ చొక్కా వేసుకుని, షాహీన్‌ను వెంటబెట్టుకుని ఇలియాస్ ఇంటికి వెళ్లాడు. ఇలియాస్‌ది కుక్కర్లు, గ్యాస్ స్టవ్‌లు బాగుచేసే అంగడి. అక్కకన్నా ఐదేళ్లు చిన్నవాడైనా ఆమె విషయంలో పెద్దవాడిలా ఉంటాడు. టీ తాగడం అయ్యాక సూటిగా అడిగాడు.

"తప్పుగా అనుకోవద్దన్నా. నెలకు ఎంతొస్తాది నీకు?"

గదిలో ఇలియాస్ భార్య ఉంది, నర్సింగ్ చదువుతున్న వాళ్ల కూతురు జబీనా ఉంది. అందరూ మీరావలి వైపే చూశారు. ఆ చూపుల మధ్య అతని నోటి నుంచి ఒక అంకె జారింది.

"ముప్పై వేల దాకా వస్తాదప్పా."

షాహీన్ చేతిలోని బిస్కెట్టు టీలో పడింది. వంటింటి గడపలో నిలబడిన ఫాతిమున్నీసా అతని వైపు ఒక్కసారి చూసి లోపలికి పోయింది.

ఇలియాస్ తల ఊపాడు. "ఈ కాలంలో ఇద్దరు మనుషులు నెమ్మదిగా బతకాలంటే అంతన్నా ఉండాలన్నా. అట్లుంటే నాకు దిగులు ల్యా. అక్కను కనుక్కొని చెప్తా."

బస్టాండులో షాహీన్ తండ్రిని నిలదీసింది. "ముప్పై వేలు ఎప్పుడొచ్చినాయి నాయనా నీకు?"

"రాలేదమ్మా."

"మరి?"

"అట్ల అడిగేసరికి పద్నాలుగు అనేదానికి నోరు రాలేదు." పరుపుల పని ఇప్పుడు మునుపటిలా లేదు. స్పాంజి పరుపులు వచ్చి సగం బేరం తీసుకుపోయాయి. పెళ్లిళ్ల కాలంలో బాగుంటుంది, వానల్లో దూది ఆరదు. ఇవన్నీ షాహీన్‌కు తెలుసు. తెలుసు కాబట్టే ఆమె లేచి బస్సు వచ్చిందేమో చూడబోయింది.

నాలుగో రోజు పొద్దున పదిన్నరకు ఫాతిమున్నీసా ఆళ్లగడ్డలో బస్సు దిగి, దారి అడుక్కుంటూ అంగడికి వచ్చింది. ఒంటినిండా దూదితో ఉన్న మీరావలి కంగారుగా లేచి, కుర్చీ దులిపి వేశాడు.

ఆమె కూర్చోలేదు. "నెలకు ముప్పై వేలు రావాలంటే ఎన్ని పరుపులు అమ్మాలప్పా?"

మీరావలి లెక్క వేసుకున్నాడు. "నలభై పైనే."

"నేను నీకు కుట్టిచ్చేది నెలకు ఇరవై గలీబులు. ఒక నెల పద్దెనిమిది. మిగతా పరుపులు గుడ్డ లేకుండా అమ్ముతాండావా?"

మీరావలి చేతిలోని దూదిని కిందపెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. "తెలిసీ ఆపొద్దు ఎందుకు ఊరుకుంటివి?"

"అందరి ముందర నీ పరువు తీయనా? ఇప్పుడు చెప్పు. నిజంగా ఎంత?"

"పద్నాలుగు. వానల్లో తొమ్మిదే. అబద్ధం చెప్పేది నాకు అలవాటు లేదు. నువ్వు చిన్నపోతావని భయపడితి."

ఫాతిమున్నీసా అప్పుడు కూర్చుంది. "నేనూ ఒక అబద్ధంతో బతుకుతాండా. మిషన్ మీద నాకు పదమూడు వేలొస్తాది. తమ్మునితో తొమ్మిదని చెప్పినా. నెలనెలా నాలుగు వేలు పోస్టాఫీసులో కడుతాండా, జబీనా చదువుకు. చెప్తే వాడు వద్దంటాడు. అక్క దుడ్లతో నా బిడ్డను చదివించేదేందని మొండికేస్తాడు. ఇంకా రెండేండ్లుండాది ఆ పిల్ల చదువు. అది మాత్రం నేను ఆపను."

"ఆపమని ఎవరన్నారు? అది కూడా లెక్కలో రాయి."

అంగడిలో ఉన్న పాత పెళ్లిపత్రిక ఒకటి తిరగేసి, దాని వెనక ఇద్దరూ రాయడం మొదలుపెట్టారు. ఇంటికీ అంగడికీ కలిపి బాడుగ నాలుగు వేలు. బియ్యం, నూనె, సరుకులు. పాలు, కూరగాయలు. గ్యాసు, కరెంటు. అతని షుగర్ మాత్రలు, ఆమె మోకాలి నొప్పి మందు. ఫోన్లు. చుట్టాల ఇళ్లకు పోతే వట్టి చేతులతో పోలేరు కదా, దానికో పదిహేను వందలు. వారానికొకసారి మాంసం కూర. జబీనా నాలుగు వేలు. మొత్తం ఇరవై ఒక్క వేల ఆరు వందలు తేలింది.

"నీవి పద్నాలుగు. ఈడ నేను కొత్త గదా, మొదట్లో రవికెలు కుట్టి ఆరు వేలు వస్తే గొప్ప. మొత్తం ఇరవై. ఇంకా పదహారు వందలు తక్కువుండాది" అంది ఫాతిమున్నీసా.

"ఆదివారం కూర కొట్టేయ్."

"కొట్టేయను. ఆదివారం కూడా పప్పే తిని నెమ్మదిగా బతకడమేంది?"

మీరావలి పెన్ను చెవి వెనక పెట్టుకుని ఆలోచించాడు. హఠాత్తుగా మొహం వెలిగింది. "గలీబుకు ఎనభై లెక్కన నీకిచ్చే కూలి నెలకు పదహారు వందలు గదా! అది ఇంగ ఇంట్లోనే ఉంటాది!"

ఆమె అతన్ని తేరిపార చూసింది. "అంటే పెళ్లైనాక నా కూలి ఎగ్గొడతావన్నమాట."

"అట్ల కాదు..."

"కూలి నాకియ్యి. ఇంట్లోకి నేనే తెస్తా. అది వేరే సంగతి." అంటూనే ఆమె నవ్వేసింది. నాలుగేళ్లలో ఆమె నవ్వు మీరావలి చూడటం అదే మొదటిసారి. పెళ్లిపత్రికను మడిచి ఆమె సంచిలో వేసుకుంది.

శుక్రవారం నమాజు అయ్యాక మీరావలి మళ్లీ నంద్యాల వెళ్లాడు. ఈసారి ఒంటరిగా. ఇలియాస్ ఎదురొచ్చి కూర్చోమంటే నిలబడే చెప్పాడు. "నాకు వచ్చేది పద్నాలుగు వేలప్పా. ఆపొద్దు తప్పు చెప్పినా."

ఇలియాస్ మొహం మాడిపోయింది. "పెళ్లి కాకముందే అబద్ధమా అన్నా? మా అక్కను నీ ఇంటికి ఏ నమ్మకంతో పంపాల?"

మీరావలి తల వంచుకున్నాడు. ఫాతిమున్నీసా లోపలి నుంచి వచ్చి పోస్టాఫీసు పుస్తకం తమ్ముడి చేతిలో పెట్టింది.

"అబద్ధం చెప్పినోళ్లను పంపించేయాలంటే ముందు నన్ను పంపు."

ఇలియాస్ పుస్తకం తెరిచాడు. పేజీ తిప్పాడు. లోపల రాసిన పేరు జబీనాది. "నా దగ్గర దాస్తివా అక్కా?"

"దాయకుంటే కట్టనిస్తావా?"

అతను పుస్తకం పట్టుకునే పెరట్లోకి వెళ్లిపోయాడు. వెనకే పోబోయిన భార్యను ఫాతిమున్నీసా ఆపింది. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది. మొహం కడుక్కుని వచ్చాక అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బావ పోయినాక నువ్వొచ్చిన దినం నాకు యాదుండాది. ఆటోలో మిషనొకటి, గుడ్డల మూటొకటి. మళ్లీ అట్ల రాకూడదనే ముప్పై వేలన్నా ఉండాలంటి. నాకు దుడ్ల మీద ఆశుండి కాదు."

"తెల్సురా."

"ఈడ నీకేం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలేదు. నీ పెండ్లాం నన్ను తల్లి మాదిరి చూసుకుంటాది. కానీ పొద్దున లేస్తే ఏం వండాలని ఎవరినీ అడక్కుండా వండుకోవాలనుంటాది నాకు. ఈయప్పతో కూర్చుని లెక్క రాసినా. ఇద్దరం కష్టపడితే సరిపోతాది. ఒక నెల సరిపోకుంటే తగ్గించుకుంటాం."

సంచిలోంచి పెళ్లిపత్రిక తీసి ఇచ్చింది. ఇలియాస్ దాని వెనక రాసిన లెక్కను పైనుంచి కిందకు రెండుసార్లు చదివాడు. స్టవ్‌లు బాగుచేసేవాడి కన్ను కదా, ఒకచోట ఆగింది. "గ్యాసు తక్కువ రాసినారు." జేబులో పెన్ను తీసి తనే దిద్దాడు. అదే అతని ఒప్పుకోలు.

పై నెలలో ఆ ఇంట్లోనే, పదిహేనుమంది మధ్య నిఖా జరిగింది. షాహీన్ తండ్రి పక్కన కూర్చుని ఏడ్చింది, నవ్వింది. కుట్టుమిషన్ ట్రాలీ ఆటోలో ఆళ్లగడ్డ చేరింది.

అనుకున్నట్టేమీ సాగలేదు. ఫాతిమున్నీసాకు మొదటి నెల రవికెల మీద వచ్చింది నాలుగు వేలే. ఆగస్టులో వానలు పట్టి తొమ్మిది పరుపులు కూడా అమ్ముడుపోలేదు. ఆ నెల చుట్టాల ఇళ్లకు పోవడం మానుకున్నారు, కొత్త చెప్పులు వాయిదా వేసుకున్నారు, పోస్టాఫీసులో మాత్రం కట్టారు. పాత పరుపులు విప్పి దూది మళ్లీ ఏకి కొత్త గలీబు వేసిస్తామని ఫాతిమున్నీసా రుద్రవరం, శిరివెళ్ల వైపు నుంచి రవికెలకు వచ్చే ఆడవాళ్లందరికీ చెప్పసాగింది. కొత్తది కొనలేనివాళ్లు పాతవి తెచ్చారు. దసరా నాటికి ఇద్దరి సంపాదన కలిపి నెలకు ఇరవై రెండు వేల దాకా చేరింది. మీరావలి మాత్రం ఆ అంకె ఎవరికీ చెప్పలేదు. అంకెలంటే అతనికి భయం పట్టుకుంది.

అక్టోబరులో ఒక ఆదివారం ఇలియాస్ చెప్పకుండా వచ్చాడు. చేతిలో పాతిక కిలోల సోనా మసూరి మూట. మూట దించి నేరుగా వంటింట్లోకి పోయి బియ్యం డ్రమ్ము మూత తీసి చూశాడు. స్టవ్ వెలిగించి మంట చూశాడు. సిలిండర్ ఎత్తి బరువు చూశాడు.

"ఏంరా, తనిఖీకొచ్చినావా?" అంది ఫాతిమున్నీసా.

"మంట ఎర్రగా వస్తాంది. బర్నర్ తుడవాల" అంటూ సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

స్టవ్ విప్పి, తుడిచి, బిగించాడు. నీలంగా మంట వచ్చాక అదే పొయ్యి మీద ఆమె కూర వండింది. బావామరుదులు పక్కపక్కన కూర్చుని తిన్నారు. మూడోసారి వడ్డించబోతే ఇలియాస్ వద్దని చేయి అడ్డం పెట్టాడు, ఆమె వేళ్ల సందుల్లోంచే పోసింది. తిన్నాక నాలుగు గంటల బస్సుకు పోతానన్నాడు. కాసేపు నడుం వాల్చమని మీరావలి అమ్మకానికి సిద్ధం చేసిన కొత్త పరుపు ఒకటి పరిచాడు.

నాలుగు దాటింది. ఐదు దాటింది. ఇలియాస్ గుర్రు అంగడి దాకా వినబడుతోంది. ఒకాయన దిండ్లు కొనడానికి వస్తే ఫాతిమున్నీసా గొంతు తగ్గించి బేరం చేసింది.

మీరావలి బయటికి పోయి నంద్యాలకు ఫోన్ చేశాడు. "జబీనా, మీ నాయన రేపు పొద్దున వస్తాడమ్మా. అమ్మకు చెప్పు."

"ఎందుకు మామా? ఏమైంది?"

"ఏం కాలేదమ్మా. నిద్రపోతాండాడు. లేపేదానికి మీ అత్త ఒప్పుకోలేదు."