రెండో కుర్చీ నీళ్ళు

“పొద్దున్నే వెళ్ళి కాసిని నీళ్ళు వదలడానికి ఇంత హడావుడేంటోయ్?” అన్నాడు డాక్టరు, పేపరు వెనకనుంచి.

అప్పటికే ఆయన చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించి, అత్తగారి మాత్రలు చిన్న గిన్నెలో వేసి, ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండో చెప్పు కోసం బల్లకింద వెతుక్కుంటోంది ఆమె. నీళ్ళు వదలడం! పన్నెండేళ్ళుగా ఆమె చేస్తున్న పనికి ఆ ఇంట్లో ఉన్న పేరు అదే. కుండీలో మొక్కలకి వదిలినట్టు. ఆమె బల్లకింద ఇంకాస్త వంగింది. ఏమైనా అంటే చెప్పు దొరికేసరికి ఇంకో పది నిమిషాలు పడుతుంది.

మందులషాపు పైన మేడమీద క్లినిక్కు, రెండు వీధుల దూరం. ఆయన తొమ్మిదింటికి వస్తాడు, ఆమె ఎనిమిదింటికే తాళం తీస్తుంది. పళ్ళ డాక్టరు కుర్చీ పక్కన ఒక సీసా ఉంటుంది. దానిలోంచి పెన్ను రీఫిల్లు కంటే కాస్త లావు గొట్టాలు బయల్దేరి పన్ను తొలిచే పరికరానికీ, గార తీసే పరికరానికీ, నోట్లోకి నీళ్ళు చిమ్మేదానికీ వెళ్తాయి. సన్నటి గొట్టం, నిలవ నీళ్ళు. ఒక్క రాత్రి ఊరుకుంటే లోపలి గోడలకి కంటికి కనపడని పాచి పట్టడం మొదలవుతుంది. అందుకని పొద్దున్నే ఒక్కో గొట్టంలోంచి రెండు నిమిషాలు నీళ్ళు వదలాలి, పేషెంటుకీ పేషెంటుకీ మధ్య అర నిమిషం వదలాలి, సాయంత్రం సీసా ఖాళీ చేసి గొట్టాల్లోకి గాలి కొట్టి ఆరబెట్టాలి, వారానికోసారి మందు పట్టించాలి, మూడు నెలలకోసారి ఆ నీళ్ళు పట్టి లాబుకి పంపాలి. ఇదంతా రాయడానికి నీలం అట్ట పుస్తకం ఒకటి. తేదీ, కుర్చీ నంబరు, చేసిన పని, పక్కన టిక్కు, ఆ పక్కన ‘బాధ్యులు’ అనే గడి. ఆ గడిలో ఆమె సంతకం.

క్లినిక్కు మొత్తం మీద ఆమె పేరున్న చోటు ఆ గడి ఒక్కటే. బోర్డు మీద ఆయన పేరుంది. సిబ్బంది జాబితాలో పదింటికొచ్చే నర్సు పేరుంది. “నిన్ను సిబ్బందిలో వేస్తే బావుంటుందా? ఇంటిమనిషివి!” అన్నాడాయన ఒకసారి, గౌరవం చేస్తున్నట్టుగా. ఆమె చదివింది సూక్ష్మజీవశాస్త్రం, అదీ ఫస్టు క్లాసులో. కాపురానికొచ్చిన కొత్తలో ఆ మాట విని అత్తగారు, “పోన్లే, పెరుగు బాగా తోడుకుంటుంది” అన్నారు. తోడుకుంటుంది కూడా.

నాలుగు రోజులు మూసి ఉన్న గదిలోంచి వేడి గుప్పున మొహానికి కొట్టింది. కిటికీలు తెరిచి, గ్లవ్సులు వేసుకుని, రెండో కుర్చీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటి కుర్చీ పైన ఉండే లైటు ఊరెళ్ళిన రోజే మాడిపోయింది, కొత్తది ఇంకా రాలేదు. ఇవాళ పనంతా రెండోదాని మీదే. ఖాళీ సీసా అనుకుని చెయ్యి వేసింది.

సీసా బరువుగా ఉంది.

పైకెత్తి చూసింది. ముప్పావు వంతు నీళ్ళు, గురువారం సాయంత్రంవి. చప్పున లేచి పుస్తకం తీసింది. గురువారం, రెండో కుర్చీ, సీసా ఖాళీ చేసి గొట్టాలు ఆరబెట్టడం. పక్కన టిక్కు. పొంకంగా, తోక కొంచెం పైకి లేచి, అచ్చం ఆమె పెట్టే టిక్కు. ఆ పక్కన ఆమె సంతకం.

టిక్కు ముందే పెట్టేయడం ఆమెకి అలవాటు. పని అయ్యాక పెన్ను పట్టుకునే తీరిక ఎవరిస్తారు? చేతులు తడి, ఫోను మోగుతుంది, ఎవరో పిలుస్తారు. అందుకని పుస్తకం ముందు నిలబడ్డప్పుడే ఆ సాయంత్రం పనులన్నిటికీ వరసగా టిక్కులు పెట్టి, తర్వాత ఆ టిక్కుల వెంట పరిగెత్తుతుంది. ఒక్కరోజు తప్పలేదు. తప్పలేదనే అనుకుంది. గురువారం టిక్కులు పెట్టి మొదటి కుర్చీ ముగించి లేస్తుంటే కింద కారు హారను మొదలైంది, ఆడపడుచు ఊరికి ప్రయాణం. ఆయన హారను మీద చెయ్యి తియ్యడు. ఫోనులో అత్తగారు, “అందరం కార్లో కూచుని నీకోసం చెమటలు కక్కుతున్నాం తల్లీ, ఆ నీళ్ళేవో వచ్చాక వదులుకోవచ్చు!” ఒక్కమాట, ‘ఆగండి’ అనాల్సింది. లైటు ఆర్పి తాళం వేసి మెట్లు దిగిపోయింది. వెనకసీట్లో అత్తగారికీ టిఫిను క్యారేజీకీ మధ్య ఇరుక్కుని, ఏదో మర్చిపోయానే అనుకుంటూ దారంతా గ్యాసు కట్టేశానా లేదా అని భయపడింది.

సీసా లోపలి అంచు మీద వేలితో రాసింది. జారింది. వాసన చూసింది, మడిచిపెట్టిన తడిబట్ట వాసన. సింకులో ఒంపితే నీళ్ళతోపాటు తడి కాగితప్పొరలాంటి ముక్క ఒకటి జారి జాలీకి అంటుకుంది. సీసాలోనే ఇలా ఉంటే గొట్టాల్లో ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు, చదువుకుంది. చదువుకోకపోయినా బావుండేది.

తొమ్మిదిన్నరకి ఏడేళ్ళ పిల్ల వస్తుంది. దవడ పాలపన్నుకి నరం దాకా పుచ్చు. కిందటి వారం వచ్చినప్పుడు ఆమె చూపుడు వేలు పట్టుకుని వదల్లేదు. “ఆంటీ, మీరు పక్కనే ఉంటారుగా?” అంది. “ఉంటానమ్మా” అంది తను. ఇవాళ ఆ పన్ను తెరిచి, లోపలికి ఈ గొట్టంలోంచే నీళ్ళు కొడతారు.

అంతలో ఇంకోటి గుర్తొచ్చింది, గుర్తు రాకూడదని ఏడాదిగా అదిమిపెట్టింది. పోయినేడు ఒక పెద్దాయనకి పన్ను తీశాక దవడ వాపు మూడు నెలలు తగ్గలేదు. “షుగరు మనిషి కదా” అన్నాడు డాక్టరు. అయ్యుండొచ్చు. అప్పుడు కూడా పుస్తకం తీసి ఆ తేదీ చూసుకుంది, టిక్కు ఉంది. పని జరిగిందా అని ఎంత గింజుకున్నా గుర్తుకి రాలేదు. టిక్కు ముందే పెట్టే మనిషికి తన సంతకం తనకే సాక్ష్యం చెప్పదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడేసరికి ఆమె గ్లవ్సులు విప్పి గుమ్మం వైపు తిరిగింది.

“ఏమండీ…” అని నాలిక కరుచుకుంది. క్లినిక్కులో ‘డాక్టర్ గారూ’ అనాలి. “డాక్టర్ గారూ, రెండో కుర్చీ ఇవాళ వాడకూడదు. గురువారం నీళ్ళు తియ్యలేదు. నాలుగు రోజులు నిలవ ఉన్నాయి.”

ఆయన తెల్లకోటు గుండీలు పెట్టుకుంటూ, “రెండు నిమిషాలకి బదులు ఐదు నిమిషాలు వదులు” అన్నాడు.

“వదిలితే పోయేది కాదండీ. పాచి గోడలకి పట్టేసింది. గట్టి మందు పట్టించాలి, లాబుకి పంపాలి, రిపోర్టు వచ్చేదాకా…”

“రిపోర్టు వచ్చేదాకా నేను గోళ్ళు గిల్లుకుంటూ కూచోనా? చిన్నపిల్ల, పాలపన్ను. ఎలాగూ ఊడేదే.”

“పన్ను ఊడుతుంది. దవడ ఊడదు కదండీ.” అన్న తర్వాత గానీ ఆ మాట తనే అన్నదని ఆమెకి తెలియలేదు.

ఆయన గుండీల మీద చెయ్యి ఆగింది. గొంతు తగ్గింది. ఆయన గొంతు తగ్గితే ఆమెకి ఎక్కువ భయం. “పుస్తకంలో ఏముంది?”

“టిక్కు ఉంది.”

“టిక్కు ఉంటే అయినట్టే. రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, గుర్తుందా? ఆయన చూసేది పుస్తకం, నీ మనస్సాక్షి కాదు. ఊరికే భయపడి నన్ను భయపెట్టకు. నీళ్ళు వదిలే పని కూడా సరిగ్గా చేతకాకపోతే ఎలా?”

చిత్రంగా ఆమె చెవికి ఆ చివరిమాట ఒక్కటే తగులుకుంది. పని. పన్నెండేళ్ళు చేసినన్నాళ్ళూ అది పని కాదు, హడావుడి. ఒక్కరోజు చెయ్యకపోయేసరికి పని అయిపోయింది.

కింద మెట్ల దగ్గర పిల్ల గొంతు వినిపించింది, “అమ్మా, ఆంటీ ఉందో లేదో ముందు నువ్వెళ్ళి చూడవా?”

ఆమె పెన్ను తీసుకుంది. గురువారం టిక్కు మీద అడ్డంగా గీత గీసింది. ‘చెయ్యలేదు. నాలుగు రోజులు నీరు నిలవ. కుర్చీ 2 వాడరాదు’ అని రాసి, కింద మళ్ళీ సంతకం పెట్టింది, ఈసారి పూర్తిపేరు.

“నీకేమైనా మతిపోయిందా?” ఆయన పళ్ళబిగువున అన్నాడు. “చింపెయ్ ఆ కాగితం.”

“పేజీలకి నంబర్లున్నాయండీ.”

“ఎవరు వేశారు?”

“నేనే.”

తలుపు తోసుకుని పిల్లా, వాళ్ళమ్మా లోపలికొచ్చారు. ఆయన మొహం మీద చిరునవ్వు దానంతటదే వచ్చి అతుక్కుంది. ఆ నవ్వు వెనకనుంచి ఆయన కళ్ళు ఆమెని హెచ్చరిస్తున్నాయి. సాయంత్రం ఇల్లుంది, అత్తగారున్నారు, రేపు ఇన్‌స్పెక్టరున్నాడు.

“అమ్మా, ఇవాళ పాపకి చెయ్యడం లేదు” అంది ఆమె, పిల్ల తల్లితో. “కుర్చీలో నీళ్ళు శుభ్రంగా లేవు. చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు. బాగున్నాయని రిపోర్టు వచ్చాక నేనే ఫోను చేస్తాను. ఈలోగా పాపకి నొప్పెక్కువైతే ఆగొద్దు, వేరేచోట చూపించండి.”

తల్లి ఆమెనీ డాక్టరునీ మార్చి మార్చి చూసింది. ఒక్క క్షణం తిడుతుందేమో అనిపించింది. “చెప్పారు, నయం” అంది చివరికి. పిల్ల మాత్రం బతికిపోయినట్టు ఎగిరి గంతేసింది.

వాళ్ళు వెళ్ళాక ఆయన తన గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసుకున్నాడు. ఆమె రెండో కుర్చీకి చీటీ అంటించి, సీసాలో గట్టి మందు కలిపి, గడియారం ఎదురుగా పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటి గొట్టం తిప్పింది. భయం ఎక్కడికీ పోలేదు, పక్కనే మోకాళ్ళేసుకుని కూర్చుంది. పోయినేటి పేజీ కూడా ఆ పుస్తకంలోనే ఉంది. రేపు ఇన్‌స్పెక్టరు అడిగితే దాని గురించీ చెప్పాలి. అడక్కపోతే? అడక్కపోయినా చెప్పాలేమో. పెన్నుకి క్యాపు పెట్టి ఉంది. పని అయ్యేదాకా తీసేది లేదు.

ముందుగదిలో ఫోను మోగడం మొదలైంది. మోగుతూనే ఉంది.

“ఏమోయ్! ఫోను మోగుతుంటే వినపడ్డం లేదా? ఎత్తవేం?” తలుపు వెనకనుంచి ఆయన అరిచాడు.

ఆమె సెకన్ల ముల్లు మీంచి చూపు తిప్పలేదు.

“ఆగండి,” అంది. “పనిలో ఉన్నాను.”