మోకాల్లో దాచిన అంకె

నేను ఒక మోకాలిని. ప్లాస్టిక్ మోకాలిని, అందులోనూ కుడి మోకాలిని. ఎవరి తెలివి మీదైనా అనుమానం వస్తే మన తెలుగువాళ్ళు ‘బుర్ర మోకాల్లో ఉందా?’ అని అడుగుతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. బుర్ర తలకాయలోనే ఉన్న మనుషుల్ని పద్దెనిమిదేళ్ళుగా దగ్గర్నుంచి చూశాను. అది అక్కడున్నందువల్ల వాళ్ళకి పెద్దగా ఒరిగిందేమీ లేదు. కళ్ళూ చెవులూ లేకుండా ఎలా చూశావు, ఎలా విన్నావు అని మీరు నన్ను నిలదీయొచ్చు. ఆత్మకథలు రాసిన పెద్దమనుషులనెవరినీ ఎవరూ అలా నిలదీసినట్టు లేదు. ఆ మర్యాద నాకూ ఇవ్వండి.

నన్ను అంబాలాలో ఒక రేకుల షెడ్డులో తయారుచేశారు. అదే బల్ల మీద నా పక్కన రెండు గుండెకాయలు, నాలుగు జతల మూత్రపిండాలు, ఒక పుర్రె ఉండేవి. పుర్రెకి మహా పొగరు, మాతో మాట్లాడేది కాదు. నాకు పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, మధ్యలో మెరిసే లోహపు కీలు, ముందు ఎలాస్టిక్ తాడుతో వేలాడే మోకాలిచిప్ప పెట్టారు. ప్లాస్టిక్ ఆదా చెయ్యడానికి తొడ ఎముకని బోలుగా వదిలేసి, పైన నల్లటి రబ్బరు బిరడా బిగించారు. ఈ బోలుతనం గుర్తుపెట్టుకోండి, కథంతా అందులోనే ఉంది.

కృత్రిమ మోకాళ్ళు అమ్మే ఒక కంపెనీ నన్ను కొని విశాఖపట్నం పంపింది. అక్కడ నన్ను అందుకున్నది పట్టాభి గారు. ఆయన ఇరవై ఏళ్ళు దగ్గుమందులు అమ్మి, ఆ తరవాత ఎముకల్లోకి వచ్చాడు. డాక్టర్ల బల్ల మీద నన్ను పెట్టి, మడిచి, చాచి, ‘చూడండి సార్, ఎంత స్మూత్‌గా ఉందో’ అనేవాడు. నన్ను ఎవరి చేతికిచ్చినా ముందు మడిచే చూస్తారు. పెద్ద సర్జన్ అయినా అంతే, క్లినిక్ ఊడ్చే ఆమె అయినా అంతే. ఒకరోజు ఓ డాక్టరుగారి నాలుగేళ్ళ మనవడు నా మోకాలిచిప్ప ఊడబీకి ఎక్కడో పారేశాడు. పట్టాభి గారు కంగారు పడకుండా ఇంట్లో ఉన్న క్యారమ్స్ స్ట్రైకర్‌కి చిల్లు పొడిచి ఆ చోట కట్టేశాడు. ఇన్నేళ్ళలో ఇంతమంది ఎముకల నిపుణులు నన్ను చేతిలోకి తీసుకున్నారు, అది స్ట్రైకరని ఒక్కరూ కనిపెట్టలేదు. మీరు వెళ్ళి ఇప్పుడు వాళ్ళకి చెప్పకండి.

నాలుగేళ్ళకి పట్టాభి గారు రిటైరయ్యాడు. కంపెనీవాళ్ళు శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చారు. ఇక టైమ్‌తో పనిలేని మనిషికి గడియారం ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు. తన చోట్లోకి వచ్చిన ఫణీంద్ర చేతిలో నన్ను పెట్టి, ‘జాగ్రత్తగా చూసుకోవోయ్, నాకన్నా ఇదే ఎక్కువ సంపాదించింది’ అన్నాడు. ఫణీంద్రకి అప్పుడు ముప్ఫై ఒకటి. చలాకీ మనిషి. మెట్లు రెండేసి ఎక్కేవాడు.

మెడికల్ రెప్‌ల జీవితంలో ముఖ్యమైన పని మందులు అమ్మడం కాదు, బయట బెంచీ మీద కూర్చోవడం. ‘రెప్‌లకి మధ్యాహ్నం రెండు తరవాతే’ అని ప్రతి క్లినిక్‌లో ఒక బోర్డు ఉంటుంది. పేషెంట్లందరూ వెళ్ళాక లోపలికి పిలుస్తారు. పిలిస్తే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం రెండు గంటలు నవ్వుమొహం పెట్టుకుని కూర్చోవాలి. ఫణీంద్ర ఓ మంగళవారం అలా కూర్చున్నప్పుడు, బెంచీకి ఆ చివర పట్టాభి గారు కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని ఉన్నాడు. చేతిలో బ్యాగు మాత్రం లేదు.

‘ఏం సార్, ఒంట్లో బాగాలేదా?’ అని ఫణీంద్ర అడిగాడు.

‘బాగానే ఉందోయ్. ఇంట్లో కూర్చుంటే ఎవరూ లోపలికి పిలవడం లేదు. ఇక్కడైతే ఎప్పటికైనా పిలుస్తారని ఆశ ఉంటుంది.’

తమాషాకే అన్నాడు. ఫణీంద్రకి మాత్రం నవ్వు రాలేదు. ఆ సాయంత్రం కార్లో కూర్చుని, ఒక విజిటింగ్ కార్డు వెనక సన్నటి అక్షరాలతో రాశాడు: ‘నలభై ఐదుకి ఆపేయాలి. రెండు కోట్లు. భీమిలిలో ఇల్లు. మేడ మీద గది, కిటికీ సముద్రం వైపు. ఒక పడక్కుర్చీ.’ రాసి, చుట్టచుట్టి, నా బిరడా తీసి తొడ ఎముకలో దాచాడు. చొక్కాలు ఉతికే ముందు అతని భార్య హైమ జేబులు వెతుకుతుంది. మోకాళ్ళు వెతకదు.

అతని సంపాదన తక్కువేమీ కాదు. మందుబిళ్ళలమ్మేవాళ్ళ జీతాలు వేరు, మోకాళ్ళమ్మేవాళ్ళ ఇన్సెంటివ్‌లు వేరు. కొన్నేళ్ళకి అతనికి కొందరు డాక్టర్లకన్నా ఎక్కువే వచ్చేది. ఆ సంగతి వాళ్ళకి తెలియకుండా ఉండడానికే క్లినిక్‌లకి పాత కారులో వెళ్ళేవాడు. అంత రావడానికి కష్టమూ అంతే ఉండేది. ఆపరేషన్ జరిగే రోజు స్టీలు పనిముట్ల పెట్టెలు అయిదారు మోసుకెళ్ళాలి. లిఫ్టు పేషెంట్లకే కాబట్టి మూడంతస్తులు మెట్లమీదే. ఆ తరవాత ఆకుపచ్చ గౌను వేసుకుని, ఆపరేషన్ థియేటర్లో ఓ మూల నాలుగ్గంటలు నిలబడి, ‘మేడమ్, నాలుగో సైజు సరిపోతుంది’ అని అందించాలి. ఇలా రోజూ పక్కవాళ్ళ మోకాళ్ళు బాగుచేయించడానికి తన మోకాళ్ళు అరగదీసుకునేవాడు.

ఇక ఆ కార్డు గతి వినండి. కొన్నేళ్ళకోసారి నా బిరడా ఊడేది. ఒకసారి ఏదో మీటింగులో టై కట్టుకున్న కుర్రాడొకడు ‘ద్రవ్యోల్బణం’ అనే మాట నేర్పాడు. ఇంటికొచ్చి రెండు కొట్టేసి మూడున్నర అని రాశాడు. కూతురు స్కూలు మారింది, అది అయిదయింది. తనకన్నా చిన్నవాడైన ఓ సహోద్యోగి తన అంకె ఏడని నోరు జారాడు, అంతే, ఇతనిదీ ఏడయింది. పక్కవాడి అంకె మనకెందుకురా అని నా గొంతు దాకా వచ్చింది గానీ, నాకు గొంతు లేదు.

నలభై రెండో ఏట భీమిలిలో ఇల్లు కట్టాడు. మేడ మీద గది, సముద్రం వైపు కిటికీ, అన్నీ కార్డులో రాసుకున్నట్టే. లోపల మెట్లు పెడితే స్థలం వృథా అని బయట ఇనప చుట్టుమెట్లు పెట్టించాడు. పందొమ్మిది మెట్లు, నిట్టనిలువుగా.

హైమ స్కూల్లో లెక్కలు చెబుతుంది, కొలత చూడగానే ఆవిడకి తేడా తెలిసిపోతుంది. ‘ఇంత నిలువేమిటండీ, రేపు పెద్దయ్యాక?’ అంది.

‘రేపటి సంగతి రేపు. మనమింకా కుర్రాళ్ళమేగా’ అన్నాడు ఫణీంద్ర. వేలమందికి మోకాళ్ళు అమ్మిన మనిషి అన్న మాట ఇది.

అతని ఎడమ మోకాలు అప్పటికే మూలుగుతోంది. అరిగింది ఎడమదని గమనించగలరు, కుడివైపు వాళ్ళం మేం ఎప్పుడూ పనిచేసి పెట్టేవాళ్ళమే. ఎవరికీ చెప్పకుండా శాంపిల్ ఆయింట్‌మెంట్లు రాసుకునేవాడు. ఆసుపత్రి మెట్లు పీతలా పక్కకి తిరిగి దిగేవాడు. ఎవరైనా చూస్తే ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించేవాడు. నలభై నాలుగు నిండేసరికి చేతిలో దాదాపు అయిదు కోట్లున్నాయి. సరిగ్గా అప్పుడే కంపెనీ ప్రమోషన్ ఉత్తరం పంపింది. రెండు రాష్ట్రాలు చూసుకోవాలి, నెలకి ఇరవై రోజులు తిరగాలి, కొత్తవాళ్ళ పక్కన థియేటర్లో నిలబడి పని నేర్పాలి. మూడేళ్ళు చేస్తే ఏడు వచ్చేస్తుంది. వారంలో జవాబు చెప్పమన్నారు. అతను ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని ఇంటి మెట్లు పీతలా దిగుతుంటే హైమ చూసింది. మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి, వెంటబెట్టుకుని డాక్టర్ రెహానా దగ్గరికి తీసుకెళ్ళింది.

రెహానా అతనికి పదేళ్ళుగా తెలిసిన సర్జన్. పదేళ్ళూ రెండేసి నిమిషాలే ఇచ్చింది. ఈసారి టోకెన్ పుచ్చుకుని వచ్చిన పేషెంటు కాబట్టి పన్నెండింటికే పిలిచారు. రెప్‌ల బెంచీ మీదవాళ్ళంతా వీడు లైను తప్పించాడన్నట్టు చూశారు. బెంచీ చివర పట్టాభి గారు ఉండనే ఉన్నాడు. ‘నీకూ మొదలైందా?’ అన్నాడు. ఏం మొదలైందో ఫణీంద్ర అడగలేదు. అలవాటు కొద్దీ బ్యాగు కూడా తెచ్చుకున్నాడు, బ్యాగులో నేనున్నాను.

రెహానా ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసింది. ‘మీ బ్యాగులో మోకాలుంటుంది కదా, ఇలా ఇవ్వండి’ అని నన్ను తీసుకుంది. ‘ఇదిగో, లోపలి వైపు ఇక్కడ అరిగిపోయింది. ఇప్పుడే మార్చే వయసు కాదు మీది. ఎంత ఆలస్యంగా మారిస్తే అంత మంచిదని నాకు మీరే చెప్తూ ఉంటారు. బరువులు మోయడం, ఈ తిరుగుళ్ళు, గంటలకొద్దీ నిలబడడం ఆపేస్తే పదిహేనేళ్ళు లాగొచ్చు. ఇలాగే తిరిగితే మూడేళ్ళు.’

‘మూడేళ్ళు చాలు మేడమ్’ అన్నాడు ఫణీంద్ర.

‘దేనికి చాలు?’ అంది రెహానా. అంటూ నన్ను మడిచింది. ఎన్నిసార్లని ఊడదీసి పెడతాడు, బిరడా అప్పటికే వదులైపోయింది. టప్పున ఊడింది. కార్డు చుట్ట దొర్లుకుంటూ వెళ్ళి హైమ చెప్పుల దగ్గర పడింది.

హైమ దాన్ని విప్పి చదివింది. మళ్ళీ చదివింది. డాక్టరుకి అందించింది. రెహానా కళ్ళజోడు సర్దుకుని, ‘ఇదేంటి, షుగర్ రిపోర్టా? ఏటేటా పెరుగుతోంది’ అంది.

ఫణీంద్ర వివరించబోయాడు. ద్రవ్యోల్బణం దాకా వచ్చాడు కూడా. హైమ వినలేదు. ‘కుర్చీ ఒకటే రాశారు’ అంది.

‘అదేదో తొందర్లో…’

‘పదమూడేళ్ళ తొందరా? అంకె మూడుసార్లు మార్చారు. కుర్చీ ఒక్కసారి కూడా మార్చలేదు.’

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతను ఏదో ఒకటి సమాధానం చెప్పుకునేవాడు. తరవాత ఆవిడ నన్ను చూసి, కార్డు చూసి, నిట్టూర్చింది. ‘జనం ఊరికే అంటారనుకున్నాను. మీ బుర్ర నిజంగానే మోకాల్లో ఉందండీ.’

నా జన్మలో ఆ మాట అక్షరాలా నిజమవడం అదే మొదటిసారి. కోపం రాలేదు. సిగ్గేసింది. దాచిపెట్టింది నేనే కదా.

తిరిగి వచ్చేటప్పుడు హైమే కారు నడిపింది. క్లచ్ నొక్కడానికి అతని ఎడమకాలు సహకరించడం లేదు. రుషికొండ దాటాక ఫణీంద్ర నోరు విప్పాడు. ‘డబ్బు చాలదని కాదు హైమా. చాలుతుంది. నాకూ తెలుసు.’

‘మరి?’

‘ఇంట్లో కూర్చుంటే నన్నెవరు లోపలికి పిలుస్తారు?’

నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు ఆ మనిషి మీద జాలేసింది. ఏడు కోట్లూ ఆ ఒక్క భయానికి కట్టుకున్న కోటగోడ అన్నమాట. హైమ గేరు మార్చింది. ‘అది ఏడు కోట్లతో తీరేది కాదు కదా’ అంది. అతను వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం, సరిగ్గా రెండింటికి, ప్రమోషన్ వద్దని, ఉద్యోగమూ వద్దని రెండు ముక్కలు రాసి పంపేశాడు.

కంపెనీ సామాను అప్పజెప్పేటప్పుడు నా గతి ఇంతే అనుకున్నాను. ల్యాప్‌టాప్, పనిముట్ల పెట్టెలు అన్నీ లెక్క చూసుకున్న గోడౌను గుమస్తా, నా స్ట్రైకర్‌ని గోటితో కొట్టి చూశాడు. ‘సార్, ఈ మోకాలిచిప్ప క్యారమ్స్‌ది’ అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో కనిపెట్టిన మొదటి మనిషి అతనే, చదివింది పదో తరగతి. ‘ఇది మా లిస్టులో లేదు సార్, బయట చెత్తలో పడేసుకోండి’ అని తోసేశాడు. ఫణీంద్ర నన్ను చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

ఇప్పుడు నా మకాం భీమిలి మేడ మీద గదిలో. నా ఎముక ఖాళీగా ఉంది. ఆ కార్డుని హైమ స్కూలు పుస్తకంలో పేజీ గుర్తుకి పెట్టుకుంది. అతను ఉద్యోగం మానేశాక వచ్చిన మొదటి సోమవారం పొద్దున, ఆవిడ రెండు కాఫీలు ముందే పైకి తెచ్చి పెట్టుకుని, ఒక పడక్కుర్చీలో తను కూర్చుంది. రెండో పడక్కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది. రోజుకి ఒక్కసారి, కమ్మీ పట్టుకుని, నెమ్మదిగా మెట్లెక్కొచ్చని డాక్టరు ఒప్పుకుంది. కింద ఇనప మెట్టు కిర్రుమంది. ఒకటి. రెండు. ఎనిమిదో మెట్టు దగ్గర ఫణీంద్ర ఆగి, ‘చల్లారిపోతోందా?’ అని కేకేశాడు. ‘ఎక్కితే తెలుస్తుంది’ అంది ఆవిడ, లేవకుండా.

పందొమ్మిదో మెట్టు ఎక్కి, గుమ్మం దగ్గరికి వచ్చి, ఆగిపోయాడు. ఇరవై ఏళ్ళ అలవాటు. చొక్కా సర్దుకున్నాడు, బ్యాగు లేని చేతిని వెనక్కి పెట్టుకున్నాడు, నవ్వుమొహం పెట్టాడు. తను అలా నిలబడ్డానని తనకే తెలీదు. హైమ చూసింది. చేతి గడియారం చూసుకుని, ‘రెప్‌లకి రెండు తరవాతే’ అంది. అతని మొహం ఒక్క క్షణం పాలిపోయింది.

అప్పుడు ఆవిడ నన్ను కుర్చీలోంచి తీసి కింద పెట్టింది. ‘రండి, లోపలికి రండి’ అంది.

అతను లోపలికి వచ్చాడు. కాఫీ చల్లారిపోయింది. ఇద్దరూ అదే తాగారు.