ఖాళీ బోను సాక్ష్యం

నేను ఒక ఎలుకల బోనును. ముందే చెప్పేస్తున్నాను, నన్ను నమ్మకండి. ఘుమఘుమలాడే ఎర చూపించి, లోపలికి పిలిచి, వెనకనుంచి టక్కున తలుపేయడమే నా వృత్తి. ఇలాంటి బతుకు బతికేదానికి ఎదుటివాళ్ల మీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి? ఎవరైనా నవ్వుతూ ఏదైనా చేతిలో పెడితే, దాని వెనక తీగ ఎక్కడుందా అని వెతుకుతాను. మనుషుల విషయంలో అయితే నా అనుమానం ఒక్కసారి కూడా వమ్ముకాలేదు.

పీలేరులో మస్తాన్ సాయిబు నన్ను చేశాడు. మామిడి చెక్క, ముందు వైపు తీగ జల్లెడ, పైన స్ప్రింగు, అడుగున రేకు. చేయడం పూర్తికాగానే తన చిటికెన వేలే పెట్టి పరీక్షించాడు. తలుపు పడింది. "యా అల్లా!" అని ఎగిరి, వేలు నోట్లో పెట్టుకుని, "భేషుగ్గా ఉంది" అన్నాడు. నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి, నేను కరిచిన మొదటి మనిషి ఆయనే.

తర్వాత చిల్లర కొట్టు సుబ్బరామశెట్టి పాలబడ్డాను. ఎలుక పడిందంటే చాలు, పొద్దున్నే నా మీద తువ్వాలు కప్పి, ఎదుటి వీధిలో పోటీ కొట్టు వెనకాల దాన్ని వదిలేసి వచ్చేవాడు. అడిగినవాళ్లతో "జీవహింస మహాపాపం" అనేవాడు. ఆ పోటీ కొట్టాయనా పాపభీరువే, వాళ్ల బోనూ మా గోడ పక్కకే వచ్చి ఖాళీ అయ్యేది. అవే ఎలుకలు అటూ ఇటూ తిరిగి రెండు కొట్ల పప్పులూ రుచి చూసి బలిశాయి. శెట్టి మాత్రం తను పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాడు పాపం!

శెట్టి కొట్టు మూతపడ్డాక పాత సామాన్ల బండెక్కి తిరుపతి చేరాను. అక్కడ నన్ను ఏరుకున్నది డాక్టర్ హైమవతి. మందులిచ్చే డాక్టరు కాదు, పురుగుల ఊరూ పేరూ ఆరా తీసే డాక్టరు. నా తలుపు మళ్లీ మళ్లీ వేసి తీసి, "ఇది సరిగ్గా పడుతుందా, లేక పడినట్టు నటిస్తుందా?" అని నన్ను అనుమానంగా చూసింది. అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! నాకు తగిన యజమాని దొరికిందనుకున్నాను.

ఆమె వెతికేది ఎలుకను కాదు, ఎలుక చెవిలో కాపురముండే నల్లిని. మంచంలో ఉండే నల్లి వేరు, ఇది వేరు. దీన్ని చిగ్గర్ అంటారు. పసుపు రేణువంత కూడా ఉండదు. విచిత్రమేమిటంటే దీని జాతిలో పిల్లలే కరుస్తాయి. పెద్దవైతే మట్టిలో దూరి, ఎవరి జోలికీ పోకుండా సాధువుల్లా బతుకుతాయట. ఆ పిల్ల చిగ్గర్లలో కొన్ని జాతులు మాత్రం ఒంట్లో ఓరియెన్షియా అనే సూక్ష్మజీవిని మోస్తాయి. అలాంటిది మనిషిని కరిస్తే కరిచిన చోట బీడీ ముక్కతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. తర్వాత విడవని జ్వరం. దాని పేరు స్క్రబ్ టైఫస్. వెంటనే కనిపెడితే మామూలు మాత్రలతో పోతుంది, ఆలస్యమైతే మనిషినే తీసుకుపోతుంది.

కంపగుట్టపల్లిలో అదే జరిగింది. వినాయక చవితి వెళ్లిన కొన్నాళ్లకు ఊళ్లో జ్వరాలు లేచాయి. ఒక పెద్దాయన పోయాడు. వినాయకుడి పందిరి వేయించే రెడ్డెప్ప కూతురు చందనను స్పృహ లేకుండా తిరుపతి ఆస్పత్రికి తెచ్చారు. అక్కడి డాక్టరు ఆ పిల్ల చంక కింద నల్ల పక్కు చూసి రోగం పేరు చెప్పింది. ఎలుకల మీద పురుగుతో వస్తుందనీ చెప్పింది. అంతే, ఆ ఒక్క మాట పట్టుకుని రెడ్డెప్ప ఊరికి వెళ్లాడు.

ఎలుకలెక్కడున్నాయి? కదిరమ్మ కొట్టంలో.

కదిరమ్మ ఈత పొరకలు, అంటే ఈతాకు చీపుర్లు, కట్టి అమ్ముతుంది. బండి మీద వచ్చిన ఈతాకు కట్టలు కొట్టం నిండా వాసాలదాకా పేర్చి ఉంటాయి. ఏడాది తిండి అంతా అందులోనే ఉంది. ఆమె పెనిమిటి ఆ ఎండాకాలంలోనే పోయాడు. ఏటి సూతకమని ఆమె ఆ ఏడు పండగ చేయలేదు. ఊరికి ఇక అంతకంటే ఏం కావాలి? "పండగ చేసిన ఇండ్లలో జరం, చెయ్యని కదిరమ్మకి తుమ్ము కూడా లేదు. దీంట్లో ఏదో ఉంది" అన్నారు. ఎలుకల పోరు పడలేక ఇంటికి నిప్పు పెట్టుకున్న మొనగాళ్లున్నారని సామెత. వీళ్లు ఇంకా తెలివైనవాళ్లు, పక్కవాళ్ల కొట్టానికి పెట్టబోయారు.

హైమవతి నన్నూ, నాలాంటి మరికొన్ని బోనుల్నీ జీపులో వేసుకుని వెళ్లి రెడ్డెప్పను బతిమాలింది. "ఏ పురుగో తేలనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం."

"తేలాల్సిందేముంది మేడం? సరే, చూసుకోండి. మూడో ఆదివారం దాకా ఆగతాం. ఆపైన ఆ కొట్టం ఉండదు" అన్నాడు రెడ్డెప్ప.

మాలో కొన్నింటిని కొట్టంలో పెట్టారు, కొన్నింటిని ఊరి వెనక కంపచెట్ల దిన్నె మీద. ఆ దిన్నె మీద రాతి వినాయకుడున్నాడు. నన్ను కొట్టంలో, ఈతాకు కట్టల మధ్య మసాలావడ ముక్కతో కూర్చోబెట్టారు. తెల్లారేసరికి నాలో ఒక ఎలుక. దాని చెవుల్లో నారింజ రంగు చుక్కలు. గుమ్మం బయటినుంచే తొంగిచూసిన జనం "చూసినారా! చూసినారా!" అని ఒకటే గోల. కదిరమ్మ చేతిలో పొరక పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది.

దిన్నె మీది బోనులు మాత్రం రోజూ ఖాళీ. ఎర సగం తిని ఉంటుంది, తలుపు తెరిచి ఉంటుంది, లోపల ఎలుక ఉండదు. అలా వారం దాటింది.

తిరుపతిలో హైమవతి పని చూస్తే నాకే భయమేసేది. ఆమె చిక్కేమిటంటే, చిగ్గర్ జాతి తెలియాలంటే దాన్ని మందులో నానబెట్టి గాజు పలకకు అంటించాలి, వీపు మీది డాలు ఆకారం, దాని మీది వెంట్రుకల వరస చూడాలి. అలా చేస్తే లోపలి సూక్ష్మజీవి జాడ పోతుంది. సూక్ష్మజీవి కోసం నలిపితే పురుగు ముఖమే మిగలదు. అందరూ సగం ఇటు, సగం అటు పంచుతారట. హైమవతి ఒప్పుకోలేదు. "ఒకే చెవిలో కూర్చున్నంత మాత్రాన అన్నీ ఒకే జాతి అని ఎవరు చెప్పారు?" అనేది. ఒక ప్రత్యేకమైన దీపం కింద పెడితే చిగ్గర్ తనంతట తనే మిణుకుమంటుంది. ఆ మిణుకులో ఒక్కొక్కదాన్నీ ఫొటో తీసి జాతి తేల్చుకుని, ఆ తర్వాత దాన్నే నలిపి పరీక్షకు పంపేది. కళ్లు వాచిపోయేవి పాపం.

కొట్టం ఎలుకల చిగ్గర్లన్నీ ఒక జాతి. ఒక్కదానిలోనూ సూక్ష్మజీవి లేదు. సంతోషించాలి కదా? ఆమె సంతోషించలేదు. "మరి రోగం మోసే జాతి ఎక్కడుంది? దిన్నె ఎందుకు ఖాళీ?" అని నన్ను పట్టుకుని మళ్లీ ఊరికి బయల్దేరింది. ముందు కదిరమ్మనే అడిగింది, "దిన్నె మీద బోనులు ఎవరు తెరుస్తున్నారో నీకేమైనా తెలుసా?" అని.

కదిరమ్మకు కోపమొచ్చింది. "నా కొట్టంలో ఎలకల్ని మీకు పట్టిచ్చి, యాడో దిన్నె మిందివి వదిలితే నాకేమొస్తాది మేడం? మీరు కూడా నన్నే అనుమానిస్తిరి" అని కళ్లొత్తుకుంది. హైమవతి తలొంచుకుని నన్ను తీసుకెళ్లి దిన్నె మీద, రాతి వినాయకుడి వెనక గడ్డిలో పెట్టింది.

ఆ రోజు పొద్దుగూకగానే నాలో ఎలుక పడింది. చెవుల నిండా చుక్కలు. తెల్లవారుజామున గడ్డిలో చెప్పుల చప్పుడు. వచ్చిందెవరనుకున్నారు? సాక్షాత్తూ రెడ్డెప్ప! నా ముందు గొంతుక్కూచుని, చేతులు జోడించి, "తప్పు క్షమించు సామీ, నీ వాహనాన్ని బంధిస్తే నా బిడ్డ ఎట్ల బతుకుతాది?" అని నా తలుపెత్తాడు. ఎలుక తుర్రుమంది. ఆయన అలాగే గడ్డిలో కూర్చుని చాలాసేపు ఏడ్చాడు.

నాకు జాలేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఒళ్లూ మండింది. దిన్నె మీద పడినవేమో స్వామి వాహనాలు, కదిరమ్మ కొట్టంలో పడినవేమో ఉత్త ఎలుకలా? వాటిని డాక్టరమ్మ చేతికి ఇచ్చి, వీటిని వదిలేస్తే, తప్పు ఎవరి కొట్టంలో తేలుతుంది? ఆయన కావాలని చేయలేదు, అది నిజమే. పీలేరు శెట్టి కూడా కావాలని చేయలేదు.

ఎండెక్కాక హైమవతి వచ్చింది. ఇంకెవరైనా అయితే ఖాళీ బోనని తుడిచి పడేసేవాళ్లు. ఆమె ఖాళీని కూడా నమ్మని మనిషి. నన్ను గుడ్డలో మూటగట్టి తీసుకెళ్లి, నా అడుగు రేకును మెత్తటి కుంచెతో ఊడ్చింది. కడుపు నిండిన చిగ్గర్లు ఎలుక చెవి వదిలి నా రేకు మీద రాలి ఉన్నాయి. మిణుకు దీపం కింద వాటి డాళ్లు వేరేగా కనిపించాయి. ఇది మరో జాతి! పరీక్షలో ఓరియెన్షియా దొరికింది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు గానీ, ఎలుక పోయాక రేకును ఊడ్చి రోగాన్ని పట్టింది మా హైమవతి.

ఆ మూడో ఆదివారం మేము వెళ్లేసరికి కొట్టం ముందు జనం, కిరసనాయిలు డబ్బా. కదిరమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. రెడ్డెప్ప ఎండలో దుప్పటి కప్పుకుని నిలబడ్డాడు.

హైమవతి నన్ను అరుగు మీద పెట్టి చెప్పింది. "ఈ కొట్టం పురుగులో రోగం లేదు. దిన్నె మీది పురుగులో ఉంది."

"దిన్నె మింద ఒక్క ఎలకైనా పడిందా మేడం?" అన్నాడు రెడ్డెప్ప.

"పడింది. ఎవరో తలుపు తీసి వదిలేశారు. దాని పురుగులు ఇదిగో, ఈ రేకు మీద మిగిలాయి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రెడ్డెప్ప దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు. హైమవతి అది చూడనేలేదు, కదిరమ్మ చూసింది.

"అన్నా, మిట్టమధ్యాన్నం ఆ దుప్పటేందన్నా? వణకతాండావే?"

"ఏం లేదులే."

హైమవతి గబగబా వెళ్లి నుదురు పట్టుకుని చూసింది. కాలిపోతోంది. చొక్కా ఎత్తమంది. మొలతాడు కింద, సరిగ్గా తాడు ఒరుసుకునే చోట, నల్లటి పక్కు. జనమంతా వెనక్కి జరిగారు.

కదిరమ్మ మాత్రం లేచి ముందుకొచ్చింది. "నా కొట్టంలో ఎప్పుడైనా కాలు పెట్టినావా అన్నా?"

"లేదు కదిరమ్మా. సూతకమిల్లని నీ గడప తొక్కలేదు."

"మరి ఇది నిన్ను యాడ కరిసింది?"

రెడ్డెప్ప నేలమీద కూలబడ్డాడు. "దిన్నె మింద. ఎలకల్ని వదిలింది నేనే. సామి వాహనం కదా అని..."

"అయితే కదిరమ్మ కొట్టంలోవి ఎవురి వాహనాలు రెడ్డెప్పా?" అంది గుంపులోంచి ఒక ముసలమ్మ.

అప్పుడు హైమవతి నెమ్మదిగా అడిగింది. "పండగకి దిన్నె మీదికి ఎవరెవరు వెళ్లారు?"

ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ ఏడు ఇరవై ఒక్క రకాల పత్రీ ఒక్కటి తగ్గకుండా కావాలని రెడ్డెప్ప పట్టుబట్టాడు. జ్వరం వచ్చినవాళ్లంతా ఆ దిన్నె పొదల్లో దూరి ఆకులు కోసినవాళ్లే. సూతకంలో ఉన్న కదిరమ్మకు పత్రితో పనే లేదు.

"నా బిడ్డని పంపింది నేనే" అన్నాడు రెడ్డెప్ప. తల బాదుకోబోతే కదిరమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. కిరసనాయిలు తెచ్చినాయన డబ్బాకు మూత బిగించి, చడీచప్పుడు లేకుండా ఇంటిదారి పట్టాడు. అదే జీపులో రెడ్డెప్పను ఆస్పత్రికి చేర్చారు. తండ్రీ కూతుళ్లిద్దరూ బతికి బయటపడ్డారు.

నా స్ప్రింగు సడలిపోయిందని హైమవతి నన్ను కదిరమ్మ దగ్గరే వదిలేసింది. ఇప్పుడు ఆమె కొట్టంలో గూట్లో కూర్చున్నాను. నాలో ఆమె పొరకలు కట్టే దారపుండలు పెట్టుకుంటుంది. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, నేను వేయాలన్నా పడదు.

మళ్లీ చవితి వచ్చింది. ఈసారి ఊళ్లో ఎవరూ దిన్నె ఎక్కలేదు. ఇంటి దొడ్లో దొరికిన ఆకులు, గుప్పెడు గరిక, అంతే. పండగ ముందురోజు సాయంత్రం రెడ్డెప్ప కొత్త పొరక కోసం వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఎందుకొచ్చాడో అని నేను అనుమానంగా చూస్తూనే ఉన్నాను. ఆయన చూపు నా మీద పడి, చటుక్కున పక్కకు తిరిగింది. సూతకం తీరి చాలా రోజులైంది, అయినా కాలు లోపలికి రావడం లేదు.

కదిరమ్మ పొరక కడుతూ, తలెత్తకుండానే అంది.

"లోపలికి రా అన్నా. మా పురుగు మంచిది."