లొల్ల దగ్గర ఆగిన కారవాన్

కాలువ గట్టు మీద లొల్ల ఊరు దాటకముందే ఇంజిన్ మళ్లీ ఆగిపోయింది.

"ఇది మూడోసారండి హరిబాబు గారూ," అన్నాడు సినిమా కంపెనీ మేనేజర్ విజయ్ పాల్, కారవాన్‌లో మంచం మీంచి లేవకుండానే. "హీరోయిన్ గారు ఆత్రేయపురంలో ఎండలో కుర్చీ వేసుకు కూర్చున్నారు. ఇంకోసారి ఆగిందంటే మద్రాసు వ్యానుకి ఫోన్ చేసేస్తాను. షూటింగ్ అయ్యేదాకా ఇక అదే."

హరిబాబు పళ్లు కొరికాడు. పాత డీజిల్ వ్యాను కొని, మంచం, బాత్‌రూము, ఏసీ పెట్టించాడు. గోదావరి జిల్లాల్లో షూటింగంటే తన కారవానే రావాలని అతని ఆశ. ఇది మొదటి పిలుపు. ఇది పోతే రెండోది రాదు.

కిందికి దిగి డ్రైవర్ అప్పాజీ మీద పడ్డాడు.

"ఏం చేశావురా?"

"నేనేం చేస్తానండి. స్టీరింగ్ పట్టుకున్నాను."

"మొన్నటిదాకా గణేష్‌బాబు దగ్గర పట్టుకున్నావుగా. వాడికీ కారవాన్ ఉంది. నా బండి ఆగితే ఎవడికి లాభమో తెలీదనుకోకు."

"ఆయనిచ్చే జీతానికి బండి తోలడమే ఎక్కువండి. పాడు చెయ్యడం కూడానా?"

ఈ రోగం పట్టుకుని నెల దాటింది. రాజమండ్రిలో ఫిల్టర్లు మార్చారు. రావులపాలెంలో పైపులన్నీ ఊడదీసి బిగించారు. మండపేట మేస్త్రి ఏకంగా డీజిల్ పంపే మార్చేశాడు. అందరూ ట్యాంకు మూత తీసి చూసినవాళ్లే, పని చేసి స్టార్ట్ చేసి "అయిపోయిందండి" అన్నవాళ్లే. కాస్త దూరం పోయేసరికి బండి మళ్లీ ఆగేది.

"ఇందాక రెండుసార్లూ మూత తీసి నువ్వే కెలికావు. ఈసారి దేన్నీ ముట్టుకోకు. నేనే చూస్తాను," అన్నాడు హరిబాబు.

డీజిల్ లాగడానికి ఇంజిన్ పక్కనుండే చేతిపంపు కొట్టాడు. చొక్కా తడిసిపోయింది. పంపు బిగుసుకుపోయింది తప్ప డీజిల్ రాలేదు.

"ఏసీ కూడా ఆగిందండి," అన్నాడు విజయ్ పాల్ లోపల్నుంచి.

"అసలు డీజిల్ ఉందా?"

"పొద్దున్నే నిండా కొట్టించానండి," అన్నాడు అప్పాజీ.

"నువ్వు చెబితే నమ్మాలా?" అంటూ హరిబాబు మూత తిప్పాడు.

ట్యాంకు సుయ్‌మని గాలి పీల్చుకుంది.

హరిబాబు మళ్లీ పంపు నొక్కాడు. మెత్తగా కదిలింది. అప్పాజీ తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది.

హరిబాబుకి అప్పుడు వెలిగింది. డీజిల్ ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే ఇంజిన్‌కి డీజిల్ అందదు. ఇన్నాళ్లూ బండిని నడిపించింది మేస్త్రీల పనితనం కాదు, వాళ్లు మూత తియ్యడం.

గాలి కోసం మూతకి సన్నటి కన్నం ఉండాలి. ఎంత వెతికినా కనపడలేదు. డీజిల్ మడ్డి పట్టిన నల్లటి పెచ్చుని గోటితో గీకాడు. అడుగున పసుపు, కుంకుమ. దాని కింద కన్నం.

విజయ్ పాల్ దిగొచ్చాడు. "ఎవరో మూశారన్నమాట. బండిలో దొంగని పెట్టుకుంటే హీరోయిన్ గారిని ఎక్కించలేనండి. పేరు చెప్పండి, వాణ్ణి ఇక్కడే దింపేద్దాం. బండి తీసుకెళ్దాం."

అప్పాజీ కాలువ వైపు చూస్తున్నాడు.

మండపేటలో హరిబాబు వాళ్ల రైసు మిల్లులో శుక్రవారం వచ్చిందంటే ఇంజిన్‌కి బొట్టు పెట్టాల్సిందే. నీళ్లు పోసే చోట, నూనె పోసే చోట, డీజిల్ పోసే చోట. తడి పసుపు దట్టించి, పైన కుంకుమ. ఆ పని ఇంటివాళ్లే చెయ్యాలి, పనివాళ్లు చెయ్యి పెట్టకూడదు. కారవాన్‌కీ అదే పద్ధతి.

"డ్రైవరేనా?" అన్నాడు విజయ్ పాల్.

ఒక్క తల ఊపు చాలు, పరువు దక్కుతుంది. హరిబాబు మూతని పంచె అంచుతో తుడిచాడు.

"కాదండి. హరిబాబు," అన్నాడు. "వారం వారం, నా చేత్తో నేనే మూశాను."