జంట ఇళ్ల స్లాబు

ఆ రోజు పొద్దున సంధ్యారాణి ఇస్త్రీ చీర కట్టుకుంది. ఫస్ట్ షిఫ్టుకు బయల్దేరుతున్న భర్త జగదీశ్వర్ బూట్ల తాళ్లు బిగిస్తూ తలెత్తి చూశాడు.

"డ్రోన్ వచ్చేది స్లాబును చూడనీకి, నిన్ను కాదు," అన్నాడు.

"నలుగురొస్తరు గద," అంది ఆమె.

ఆ నలుగురిని రప్పించింది కూడా ఆమే.

గోదావరిఖనిలో వాళ్లుండే బొగ్గుగనుల కంపెనీ కాలనీలో ఏడో లైనంతా జంట ఇళ్లు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ, పైన ఒకటే స్లాబు. పక్కింటి కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టి తమ పొయ్యి ఆర్పేసుకున్నవాళ్లు ఆ లైన్లో ఉన్నారు. సంధ్యారాణికి గోడ అవతల డెబోరా. ప్రైవేటు బళ్లో టీచరు. భర్త టోనీ గనిలో పనిచేస్తాడు. అత్త సాయమ్మకు పక్షవాతం వచ్చి మూడేళ్లుగా మంచంలోనే ఉంది.

జులైలో సంధ్యారాణి పడకగదిలో, సరిగ్గా ఆ నడిమి గోడ మీద, చెమ్మ కనిపించింది. మొదట అరచెయ్యంత. వారానికి విసనకర్రంత. శ్రావణం వచ్చేసరికి చాటంత అయింది. గోడకు అటుపక్క స్లాబు మీద డెబోరా వాళ్ల నల్ల ట్యాంకు ఉంది. నల్లా రోజు విడిచి రోజు తెల్లారుజామున ముప్పావుగంట వస్తుంది. ఆ ట్యాంకు నిండితేనే సాయమ్మకు స్నానం, పక్కబట్టల ఉతుకుడు. ఆ ట్యాంకే కారుతోందని సంధ్యారాణి తేల్చేసింది. తేల్చుకుని ఊరుకుంటే బాగుండేది. లైనంతా తేల్చి చెప్పింది.

డెబోరా ప్లంబర్‌ను పిలిపించి ట్యాంకు అంతా తడిమించింది; అతను ట్యాంకు తప్ప ఇంకేదీ చూడలేదు.

"ఎక్కడా కారుతలేదంటున్నడు సంధ్యా."

"ఆయన మీరు పిలిచినాయన గదక్కా," అంది సంధ్యారాణి.

ఆ మరునాడే ఇళ్ల మరమ్మతులు చూసే కంపెనీ సివిల్ ఆఫీసుకు దరఖాస్తు రాసింది. డిగ్రీలో ఉండగా వ్యాసరచనలో బహుమతి అందుకున్న చెయ్యి అది. పెళ్లయ్యాక కిరాణా చీటీలు రాసి రాసి విసిగి ఉంది. రెండు పేజీలు వచ్చాయి. రాసినదాన్ని మూడుసార్లు చదువుకుంది. రెండుసార్లు తప్పుల కోసం, మూడోసారి ఊరికే, సంతోషానికి.

దరఖాస్తు పనిచేసింది. ఈ ఏడాది పాత స్లాబుల మీదికి మనుషులను ఎక్కించకుండా డ్రోన్‌తో ఫొటోలు తీయిస్తున్నామనీ, ట్యాంకుదే తప్పని తేలితే శనివారంలోగా దాన్ని దింపించేస్తామనీ సూపర్‌వైజర్ లింగమూర్తి వచ్చి చెప్పి పోయాడు. ఆ సాయంత్రం డెబోరా వాకిట్లో నిలబడి అడిగింది.

"ట్యాంకు దింపితే అత్తకు నీళ్లెట్ల మొయ్యాలె సంధ్యా? ఎనిమిదిన్నరకు నేను బడిల ఉండాలె."

"స్లాబు కూలితే ఇద్దరం కలిసే పోతం గదక్కా," అంది సంధ్యారాణి. ఆ మాట బాగా కుదిరిందని అప్పుడు అనుకుంది.

ఏడున్నరకు జీపు వచ్చింది. లింగమూర్తితో పాటు డ్రోన్ నడిపే ప్రశాంత్ దిగాడు. నేల మీద గోనెపట్ట పరిచి, దాని మీద ఆ నాలుగు రెక్కల యంత్రాన్ని పెట్టాడు. లైన్లోని ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. అందరికంటే ముందు ఐలవ్వ వచ్చింది. ఆమె కొడుకుది చివరి క్వార్టరు. ఆమెకు మాత్రం లైనంతా తనదే.

"గిదేంది బిడ్డా, పెండ్లిళ్లల్ల ఎగిరిచ్చేది గద?"

"గదే అవ్వా. ముహూర్తాలు అయిపోయినయి. ఇప్పుడు స్లాబులు తీస్తున్న," అన్నాడు ప్రశాంత్.

"అయితే జర ఉండు," అని ఐలవ్వ కొంగు సర్దుకుంది.

"ఫొటోల నువ్వు పడవవ్వా. కప్పులే పడతయి."

డ్రోన్ కందిరీగలా రొద చేస్తూ లేచింది. లైనులో మొదటి ఇంటి నుంచి మెల్లగా రావడం మొదలుపెట్టింది. సంధ్యారాణి పిట్టగోడ కేసి చూస్తూ, ట్యాంకు కింద పగుళ్లు కనిపిస్తే ఏమనాలో మనసులో సర్దుకుంటోంది. డెబోరాను మరీ నొప్పించకూడదు, పెద్దమనసుతో ఒక మాట అనాలి. ఆ మాట వెతుక్కుంటూ ఉండగానే, డ్రోన్ ఆమె ఇంటి ముందువైపు, వాననీళ్లు దిగే గొట్టం మీదికి వచ్చి ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది.

గుర్తొచ్చింది అనడం కూడా అబద్ధమే. చెమ్మ కనిపించిన మొదటి రోజే ఆ ఆలోచన ఒకసారి తలుపు తట్టింది. సబ్బులమ్మేవాణ్ని పంపించినట్టు, వద్దు పో అని పంపించేసింది.

సంగతి ఇదీ. ఎండాకాలమంతా బొగ్గు దుమ్ము స్లాబు మీద పేరుకుంటుంది. తొలకరి పడగానే అదంతా కరిగి గొట్టంలోంచి నల్లగా దిగుతుంది. లైన్లో ఎవరి వాకిట్లోకి దిగేది వాళ్లు కడుక్కుంటారు. అది అక్కడి ఆనవాయితీ. మే నెలలో సంధ్యారాణి ముందుగోడకు కొత్త రంగు వేయించింది. కొట్టువాడు దాని పేరు బాదంపాలు అన్నాడు. జూన్‌లో మొదటి వానకే ఆ గోడ మీద ఎలుగుబంటి తలస్నానం చేసి పోయినట్టయింది. ఆ ఆదివారం జగదీశ్వర్ డ్యూటీకి పోయాడు, డెబోరా, టోనీ చర్చికి పోయారు. లైన్లో స్లాబు మీదికి నిచ్చెన ఉన్నది డెబోరా వాళ్లింటికే. సంధ్యారాణి ఎక్కి, తమ వైపు గొట్టం మూతిని బట్టతో కుక్కేసి దిగింది. నీళ్లన్నీ డెబోరా వైపు గొట్టంలోంచి పోతాయిలే అనుకుంది. కొన్ని పోయాయి కూడా.

"ఈ ఏడు మా దిక్కే నల్లనీళ్లు ఎక్కువ పడుతున్నయి," అని చీపురుతో వాకిలి కడుగుతూ డెబోరా ఒకసారి అంది కూడా.

"ఔనా అక్కా," అంది సంధ్యారాణి.

ఇప్పుడామె మెల్లగా ప్రశాంత్ పక్కకు జరిగింది.

"అన్నా, గంత పైనుంచి రంగులు గిట్ల కనవడతయా?"

"గోళీ పడ్డా కనవడ్తదక్కా. మంచి కెమెరా."

"మంచిగుంది," అంది సంధ్యారాణి. చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

డ్రోన్ దిగింది. ప్రశాంత్ ట్యాబ్‌ను జీపు బానెట్ మీద పెట్టాడు. అందరూ మూగారు. ట్యాంకు చుట్టూ స్లాబు పొడిగా, తెల్లగా ఉంది. దానికి ఇవతల, సంధ్యారాణి ఇంటి పైభాగమంతా, నల్లటి మడుగు. మడుగు నడిమి గోడ దాకా పాకి ఉంది. ఇటు చివర గొట్టం మూతిలో ఊదారంగు బట్ట. దాని మీద పసుప్పచ్చని పెద్ద పెద్ద పొద్దుతిరుగుడు పూలు.

ఆ నైటీని ఏడో లైను నాలుగేళ్లు చూసింది. పాల ప్యాకెట్ దగ్గర చూసింది, నల్లా దగ్గర చూసింది, కూరగాయల బండి దగ్గర బేరమాడుతుండగా చూసింది. ఎదురింటి యమున ఒకసారి ట్యాబ్ వైపు, ఒకసారి సంధ్యారాణి వైపు చూసి, దగ్గు రాకపోయినా దగ్గింది.

ఐలవ్వకు ఒక కంట్లో పువ్వు పడి చూపు మసక. మొహం ట్యాబ్‌కు ఆనించింది.

"నీళ్లల్ల గవేం పూలు? తామెరలా?"

యమున మళ్లీ దగ్గింది.

"ట్యాంకు కాదు," అన్నాడు లింగమూర్తి. "నీళ్లు పోయే తొవ్వ మూసిండ్రు. ఎవరు మూసింది?"

సంధ్యారాణి నోరు ఆమెను అడగకుండానే తెరుచుకుంది. "గాలికి కొట్టుకొచ్చి ఇరికిందేమో సార్."

ప్రశాంత్ రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేశాడు. బట్టలో సగం ఇటుక చుట్టి ఉంది. చుట్టూ సుతిలి తాడు. తాడుకు మూడు ముళ్లు, ఒకదాని మీద ఒకటి.

"గాలి మూడు ముళ్లేస్తదా అక్కా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

లింగమూర్తి తల తిప్పి డెబోరా ఇంటి పక్కనున్న ఇనుప నిచ్చెనను చూశాడు. "నిచ్చెన ఎవరిది?"

"మాదే సార్," అంది డెబోరా.

"ఇంకెవరికన్నా ఉన్నదా లైన్ల?"

"లేదు సార్."

"మరింకేంది మేడం. ఎక్కేది మీరే, మూసేది మీరే. పక్కింటోళ్లు తడవాల్నా? నిచ్చెన తీసెయ్యుండ్రి, ట్యాంకు దింపుండ్రి. గిట్ల చేసేటోళ్లకు స్లాబు మీద పనేంది?"

డెబోరా బడికి తయారై ఉంది. భుజానికి సంచి, చేతిలో టిఫిన్ డబ్బా. ట్యాబ్‌లోని పూలను చూసింది. తరువాత సంధ్యారాణిని చూసింది. కోపంగా చూసినా బాగుండేది. పరీక్షలో పక్కవాడి పేపర్లోంచి రాస్తున్న పిల్లను, మంచి పిల్ల అనుకున్న పిల్లను, చూసినట్టు చూసింది.

"మా అత్తకు నీళ్లు..." అని మాత్రం లింగమూర్తితో మొదలుపెట్టి, ఆపేసింది.

ఇక్కడ ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. యమున అనొచ్చు. ఐలవ్వకు పూలు ఇప్పుడైనా గుర్తొస్తే ఆమె అనొచ్చు. సంధ్యారాణి ఇద్దరి మొహాలూ చూసింది. వాళ్లు నేలను చూస్తున్నారు. లింగమూర్తి కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు.

"నాదే సార్," అంది సంధ్యారాణి.

"ఏంది మీది?"

"ఆ బట్ట. నేనే కట్టిన, నేనే పెట్టిన."

"ఏం బట్ట?"

"నైటీ," అంది. డిగ్రీ చదివిన గొంతు ఆ ఒక్క మాట దగ్గర చిన్నపిల్ల గొంతయిపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వినవాళ్ల మీద కోపం రాలేదు. తను వాళ్లలో ఉంటే ఇంకా పెద్దగా నవ్వేది.

లింగమూర్తి కలం ఆపి, ఫైల్లోంచి ఆమె దరఖాస్తు తీశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. అర్థం కాక చదివాడు.

"'పొరుగువారి నిర్లక్ష్యం బొట్టుబొట్టుగా నా గోడలోకే గాక నా మనసులోకి కూడా ఇంకుతున్నది.' గిది మీరే రాసిండ్రా?"

"నేనే సార్."

"గొట్టం మూసినంక రాసిండ్రా, మూయకముందా?"

"మూసినంక."

లింగమూర్తి కలం మళ్లీ తీశాడు. కాగితం మీద రాస్తున్న వాక్యాన్ని కొట్టేశాడు. "ట్యాంకు జోలికి మేం రాం మేడం," అని డెబోరాతో అన్నాడు. సంధ్యారాణితో, "ముందుగాల అది తీయుండ్రి," అన్నాడు. తరువాతి ఇంటికి పోయాడు.

జనం కూడా డ్రోన్ వెనకాలే పోయారు; పోతూ వెనక్కి తిరిగి చూశారు. సంధ్యారాణి ఇస్త్రీ చీరను బొడ్డులో దోపుకుని నిచ్చెన ఎక్కింది. మడుగులో చీలమండల దాకా దిగి, ముడి విప్పబోయింది. తడికి బిగిసిపోయి రాలేదు. పళ్లతో లాగింది. నోట్లో బొగ్గు రుచి. ఇటుకతో సహా బట్టను పెరికేసరికి రెండు నెలల పైబడిన నీళ్లు గర్జించుకుంటూ కిందికి దూకాయి. బాదంపాల గోడ సంగతి చూడలేదు. దాని మీద ఆశ పోయింది.

దిగబోతే, ఎక్కేటప్పుడు ఊగిన నిచ్చెన ఇప్పుడు కదల్లేదు. కింద డెబోరా పట్టుకుని ఉంది.

"ఆదివారమేనా ఎక్కింది?" అని అడిగింది, పైకి చూడకుండా.

"ఆదివారమే అక్కా."

"మేం ప్రార్థనకు పోయినప్పుడు."

"ఆఁ."

"మల్ల జులై నుంచి ప్రతి ఆదివారం నీ గోడ గురించి ప్రార్థన చేయించిన. సంధ్య ఇంట్ల తడి ఆరాలె, మా నడుమ మాట మంచిగుండాలె అని. పాస్టరుగారు నీ పేరు చదివేటోడు. అందరు ఆమెన్ అనేటోళ్లు."

సంధ్యారాణి నిచ్చెన మధ్యలో ఆగిపోయింది. పైకి పోవడానికి ఏమీ లేదు. కిందికి దిగితే డెబోరా ఉంది.

"దిగు. నాకు టైమైతున్నది."

దిగింది. "అక్కా," అంది. డెబోరా కొంగుతో చేతులు తుడుచుకుంది. రోజూ బడికి పోతూ అత్త మీద ఓ కన్నెయ్యమని సంధ్యారాణికే చెప్పి పోతుంది.

"ఇయ్యాల ఐలవ్వను కూసోమన్న," అంది. "నీకు కడుక్కునే పనుంటది గద."

ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

సంధ్యారాణి వాకిలి కడిగింది. తన వాకిలి అయ్యాక డెబోరా వాకిలి కూడా కడిగింది, ఎవరూ చూడని టైము చూసుకుని. అది కూడా దొంగపనిలాగే అనిపించింది. పది గంటలకు అటువైపు కిటికీలోంచి ఐలవ్వ పిలిచింది.

"ఓ బిడ్డా, గీ మందుగోళీలన్ని ఒక్క తీరుగున్నయి. ఏదియ్యాలెనో తెలుస్తలేదు. రా."

రాను అనడానికి వీల్లేదు. పోవడానికి మొహం లేదు. రెండుసార్లు చెప్పులు వేసుకుంది, ఒకసారి విప్పింది. మూడోసారి పిలిచాక పోయింది.

సాయమ్మ దిండుకు ఆనుకుని, సంధ్యారాణిని చూడగానే పనిచేసే చెయ్యి కొద్దిగా ఎత్తింది. ఆమెకు ఏమీ తెలియదు. ఐలవ్వ గోడకు ఒరిగి, ఎటో చూస్తూ, చెవి మాత్రం ఇటే పెట్టింది. సంధ్యారాణి తెల్ల గోళీ తీసి సాయమ్మ నోట్లో పెట్టి, నల్లా తిప్పి గ్లాసు నింపి తాగించి, మూతి తుడిచింది.

"పొద్దుగాల గంత లొల్లేంది బిడ్డా?" అని సాయమ్మ ముద్దముద్దగా అడిగింది. "ట్యాంకు తీస్తరా?"

"తియ్యరవ్వా."

"మరేమైంది?"

సంధ్యారాణి ఖాళీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని మంచం అంచు మీద కూర్చుంది. ఇందాక అందరి ముందు చెప్పడమే కష్టమనుకుంది.

"నేనే అవ్వా," అని మొదలుపెట్టింది.