బీడీకి కూర్చునే వేళ

శివన్న మామ నోట్లోంచి బీడీ లాగి నేలకు కొట్టి, చెప్పుకాలితో నలిపాడు రాఘవేంద్రప్రసాద్. ఆ చేత్తోనే మామ దవడ పట్టుకుని, చంటిబిడ్డకు మందు పోసినట్టు కింది పెదవి సాగదీసి, లోపల ఒక చిన్న తెల్ల సంచి కుక్కాడు. ఫోటో తీసేవాడు "సరిగా పడలా, ఇంకోసారి సార్" అన్నాడు. ఇంకోసారి కుక్కాడు. గనిలో ఉన్నవాళ్లంతా చూశారు. నేనూ చూశాను.

రాఘవేంద్రప్రసాద్ మా గని గుత్తేదారు. ఎర్రగుంట్ల దాటి కొంచెం దూరం పోతే వస్తుంది ఆ గని. మీ ఇళ్లలో, మీ కాలేజీ వరండాల్లో పాదాలకు చల్లగా తగిలే కడప బండ ఇలాంటి చోట్లనుంచే వస్తుంది. శివన్న మామ అక్కడ కోత మిషను నడుపుతాడు. మా అమ్మ పేరు నన్నీ బీ; ఆమె ముక్కలైన బండలు తట్టలో ఎత్తుకుని పారబోస్తుంది. నా పేరు పర్వీన్. కడపలో డిగ్రీ చదువుతున్నాను. సెలవు దొరికితే వచ్చి అమ్మ పక్కన నేనూ ఒక తట్ట ఎత్తుకుంటాను.

ఆ రోజు గనిలో ఆరోగ్య శిబిరం. షామియానా వేశారు, మైకు పెట్టారు. ఏదో పొగాకు కంపెనీ వాళ్లు వెంటబెట్టుకొచ్చిన డాక్టరు మాట్లాడాడు. "మీ దగ్గులకు, ఆయాసాలకు కారణం బీడీ పొగ. పొగ మానండి. ఈ పొగాకు సంచి పెదవి కింద పెట్టుకోండి. పొగ లేదు, నిప్పు లేదు, హాని తక్కువ" అన్నాడు. మాట్లాడినంతసేపూ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉన్నాడు. దేనికి అడ్డం పెట్టుకున్నాడో ఆయన చెప్పలేదు. నేను చెప్తాను.

బండ కోసేటప్పుడు రంపం మీద నీళ్లు పడుతుండాలి. అప్పుడు దుమ్ము బురదై కిందికి జారిపోతుంది. ఎండాకాలం బోరు ఎండిపోయింది. టాంకరు తోలించడం దండగని ప్రసాద్ నీళ్ల పైపే పీకించేశాడు. అప్పట్నుంచి రంపం పొడిగా తిరుగుతోంది. సాయంత్రానికి గనిలో మనిషిని మనిషి గుర్తుపట్టడానికి గొంతు వినాల్సిందే. ఆ దుమ్ముకే డాక్టరు రుమాలు. మా వాళ్ల ముక్కులకు రుమాలు కూడా లేదు.

డాక్టరు తర్వాత ప్రసాద్ మైకు తీసుకున్నాడు.

"ఇంగ బీడీకి కూచునే పని ల్యా! పొద్దున కొంచేపు, మధ్యాన్నం కొంచేపు చెట్టు కింద కూచుంటాండారు గదా, అది ఈపొద్దుతో బంద్. సంచి నోట్లో పెట్టుకోండి, చేతులు ఆడించుకోండి. మీ ఊపిరికీ మంచిది, నా పనికీ మంచిది."

మా మగవాళ్లు చప్పట్లు కొట్టారు. దాచడమెందుకు, గట్టిగానే కొట్టారు. ఊరికే ఇస్తున్నాడు కదాని దోసిళ్లు పట్టి సంచులు తీసుకున్నారు.

వారం తిరిగేసరికి వాళ్లకే తెలిసొచ్చింది. పెదవి కింద సంచి ఉంది, కానీ కాలు చాచే నిమిషం లేదు. ఇంటికి పోయే దారిలో బీడీలు తాగుతూనే ఉన్నారు, పనిలో సంచి పెట్టుకుంటూనే ఉన్నారు. అంటే రెండూ తగులుకున్నాయి. ఒక మధ్యాహ్నం శివన్న మామ దగ్గి దగ్గి మిషను మీదికే వాలాడు. తెల్లగా దుమ్ము పట్టిన బండ మీద ఎర్రగా నెత్తురు పడింది. ప్రసాద్ వచ్చి చూసి, "ఇన్నేండ్ల బీడీ పాపం యాడికి పోతాది" అన్నాడు. మామను ఇంటికి పంపాడు. రంపం మాత్రం ఆపలేదు.

మురళికి కోపమొచ్చింది. మురళి గనిలో సంఘం పెట్టిన కుర్రాడు. మంచివాడు, తొందర ఎక్కువ. మరుసటి రోజు మగవాళ్లందరినీ గని గేటు ముందుకు తీసుకుపోయి నినాదం అందుకున్నాడు.

"మా బీడీ... మాకియ్యాల!"

ఇంతకన్నా ప్రసాద్‌కు ఏం కావాలి? విలేకర్లను పిలిచి టీలు ఇప్పించాడు. "చూడండప్పా, మందు ఇస్తే విసం కావాలంటాండారు ఈ మూర్ఖులు" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పేపర్లో 'ఆరోగ్యం వద్దట, బీడీ ముద్దట' అని వచ్చింది. బస్టాండులో జనం చదివి నవ్వారు. నా క్లాసులో కూడా నవ్వారు. తలకొట్టేసినట్టయింది. నవ్విన వాళ్ల మీద ఎంత కోపమొచ్చిందో, ఆ నినాదం ఇచ్చిన వాళ్ల మీదా అంతే వచ్చింది.

ఆ సాయంత్రం నేను కడప నుంచి వచ్చేసరికి శివన్న మామ ఇంటి ముందు సమావేశం. మామ మంచం మీద ఉన్నాడు. మగవాళ్లు మంచం చుట్టూ కూర్చున్నారు. ఆడవాళ్లు ఎప్పటిలాగే గోడ పక్కన నిలబడ్డారు.

"పాపా, సదువుకుంటాండావు గదా, డాక్టరు చెప్పింది అబద్ధమా?" అని మామ నన్ను అడిగాడు.

"సగం నిజం చెప్పినాడు మామా. బీడీ పొగ ఊపిరితిత్తుల్ని తినేది నిజమే. బీడీ పూర్తిగా ఇడిసిపెట్టి పొగలేని దానికి మారినోళ్లకు హాని తగ్గుతాదని కొన్ని దేశాల్లో లెక్కలు తీసినారు. అయితే ఆ దేశాల సరుకు వేరే, ఈడ మనం నమిలేది వేరే. మన పొగాకు నోటికి క్యాన్సర్ తెస్తాది. రెండూ మానుకునే దావ చూపిస్తే అది వైద్యం. ఒకటి పెరికి ఇంకోటి అమ్మితే అది యాపారం. ఇంగ దుమ్ము ఉండాది చూడు, దాని మాటే ఆయన ఎత్తలా."

"అయితే ఏం చేద్దాం? బీడీ వద్దా?" మురళి చిరాగ్గా లేచాడు. "మొగోడు పొద్దుగూకులూ రంపం కాడ నిలబడి ఒక్క బీడీ తాగగూడదా?"

గోడ దగ్గర నుంచి మా అమ్మ ముందుకొచ్చింది. సమావేశాల్లో ఆమె గొంతు ఎవరూ విని ఉండరు. ఆమె మాట్లాడితే మాటలు పళ్ల సందుల్లోంచి వస్తాయి.

"మురళీ, మీరు బీడీకి కూచున్నప్పుడు మేం ఏం చేస్తాంటిమి?"

మురళి గోడ పక్కన ఉన్న ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"తట్టలు మోస్తాంటిమి. ఆడది కూచుంటే మేస్త్రీ ఊరుకుంటాడా? బీడీ తాగాలంటే కూచోవాల, అగ్గిపుల్ల గీకాల. వక్కా, సున్నం, పొగాకు బుగ్గన పెట్టుకుంటే కూచోబన్లే. తట్టెత్తుకొని పోతానే ఉండొచ్చు. ఆకలి తెలీదు, నడుం నొప్పి తెలీదు. అందుకే పట్టినాం మేమంతా. ఆయప్ప మీకిచ్చింది కొత్త మందు అనుకుంటాండారా? మా బుగ్గల్లో ఎప్పట్నించో ఉండాది అది. చూడండి."

అమ్మ నోరు తెరవబోయింది. ఒక వేలు పట్టేంత తెరుచుకుంది, అంతే. దవడలు వణికాయి. పరాయి మగవాళ్ల ముందు ఎన్నడూ కొంగు దించని మనిషి, దీపం దగ్గరికి మొహం పెట్టి అందరికీ చూపించింది.

"ముద్ద పట్టదు నాకు. సంగటి నీళ్లల్లో పిసుక్కొని తాగుతాండా. రేపు మీకూ ఇంతే."

"అయితే బీడీనే మంచిదంటావా అక్కా?" మురళి గొంతు తగ్గింది.

"బీడీ మంచిదని ఎవురన్నార్రా? కూచోడం మంచిది!"

నాకు ఏడుపొచ్చింది. అమ్మ నోటిని రోజూ చూస్తూ, ఆ అలవాటు మానలేదని తిట్టిన కూతుర్ని నేను. అమ్మతోపాటు తట్టలు మోసే సోమక్క ముందుకొచ్చింది. "మాగ్గూడా కూచునే వేళ కావాల. రంపం మీద నీళ్లు కావాల" అంది. "అందరికీ రొమ్ము ఎక్స్‌రే ఫోటోలు తీపియ్యాల" అన్నాడు మామ మంచం మీదనుంచి. మగవాళ్లలో కొందరు గొణిగారు. ఆడవాళ్లు కూర్చుంటే పని ఆగుతుంది, గుత్తేదారు ఇంకా మండిపడతాడు అన్నారు. "ఆగాలనే గదా!" అని సోమక్క కసిరింది. చాలాసేపు వాదులాడుకున్నారు. చివరికి మురళి అమ్మ దగ్గరికి వచ్చి, "తప్పు నినాదం ఇచ్చినా అక్కా" అన్నాడు.

మరునాడు పొద్దున, బీడీకి కూర్చునే పాత వేళకు, మురళి కోత మిషను ఆపేశాడు. ఎవరూ బీడీ వెలిగించలేదు. అమ్మ తట్ట దించి, తల మీది చుట్టకుదురు నేల మీద పెట్టి దాని మీద కూర్చుంది. సోమక్క కూర్చుంది. ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి అందరూ కూర్చున్నారు. గనిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

ప్రసాద్ కారు దిగుతూనే అరిచాడు. "లేయండి! ఎవురు కూచోమన్నారు?"

ఎవరూ లేవలేదు. మగవాళ్లు పెదవుల కింది సంచులు ఒక్కొక్కరే అతని చెప్పుల ముందు ఉమ్మారు. "నీళ్లు... పెట్టాల! కూచునే వేళ... అందరికీ ఇయ్యాల!" ఈసారి నినాదం అందుకున్నది ఆడవాళ్లు. ప్రసాద్ ఫోను తీశాడు. నీళ్ల టాంకరు రాని దారిలో పోలీసు జీపు మాత్రం తొందరగానే వచ్చింది.

ఎస్సై లాఠీతో అమ్మ తట్టను నెట్టి పక్కకు దొర్లించాడు. "లే ముసిల్దానా, పన్లోకి పో."

అమ్మ తల ఎత్తి చూసింది. "పుట్టినకాడ్నించి నిలబడే ఉండాను సార్. ఇప్పుడే కూచున్నా."

ఆమె చేతులు పట్టి లాగారు. అడ్డం పోయిన మురళిని మెడ మీద కొట్టారు. ఇద్దరినీ జీపులో పడేశారు. అమ్మ కూర్చున్న చుట్టకుదురు ఖాళీ అయిందో లేదో నేను దాని మీద కూర్చున్నాను. అది ఇంకా వెచ్చగా ఉంది.

రాత్రికి గట్టు అవతలి గనికీ ఈ కబురు పాకింది. మరుసటి రోజు ప్రసాద్ బయటి మనిషిని తెచ్చి మిషను వేయించాడు. దుమ్ము లేచింది. పాత వేళకు శివన్న మామ ఇంటినుంచి కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చాడు. వచ్చి మెయిన్ స్విచ్ కిందికి లాగి, దాని కిందే చతికిలబడ్డాడు. దగ్గు తెరలో ఒక్క మాటే అన్నాడు. "కూచోండప్పా."

కొత్తగా వచ్చిన మనిషి మామ మొహం చూసి, ప్రసాద్ మొహం చూసి, తనూ కూర్చున్నాడు. మేమంతా కూర్చున్నాం. రంపం చప్పుడు పోయాక గట్టు అవతలి గని మిషను చప్పుడు వినబడుతోంది. ప్రసాద్ మళ్లీ ఫోను తీసి మాట్లాడుతున్నాడు. ఉన్నట్టుండి ఆ గని చప్పుడు కూడా ఆగిపోయింది.